చదరంగ సభ్యత్వము: పన్నా, హక్కా?

నల్లమల యంచుననున్న అచ్చంపేటలో ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలికను ఊహింతము. సెలవులలో మేనమామ నేర్పిన చదరంగమున ఆమె పాఠశాలలో అందరిని గెలిచినది. ఉపాధ్యాయుడు సంతసించి, హైదరాబాదున జరుగు రేటింగు పోటీకి ఆమెను పంపుదమని తలచెను. అంతటితో ప్రశ్నలు మొదలైనవి. దేశ చదరంగ సంఘమున ఆమె పేరు నమోదైనదా? అందులకు రుసుము చెల్లినదా? వయస్సును ధ్రువపరచు పత్రము గలదా? ఛాయాపటమేది? ఇవన్నియు గడచిన పిమ్మట పోటీ ప్రవేశ రుసుము వేరు, బస్సు చార్జీలు వేరు, పట్టణమున మూడునాలుగు దినములు బస చేయు వ్యయము వేరు. ఒక్క బంటునైనను కదలింపక పూర్వమే ఆ బాలిక తండ్రి తన కూలి డబ్బులో కొంత భాగమును, తానెన్నడును చూచియెరుగని యొక సంఘమునకు చెల్లింపవలసి యున్నది. చెల్లించిన దానికి ఆమెకు లభించు హక్కేమి?

ఇది చిన్న విషయమని కొందరు పెదవి విరువవచ్చును. అన్నవస్త్రముల సమస్య లుండగా చదరంగపు సభ్యత్వమును గూర్చి సంపాదకీయమేల యనవచ్చును. కాని ఒక దేశమున సామాన్యుని బిడ్డకు ద్వారము తెరువబడుచున్నదా, మూయబడుచున్నదా యను సంగతి పెద్ద శాసనములలో కన్న ఇట్టి చిన్న నియమములలోనే స్పష్టముగ కనబడును. అందుచేత ఈ విషయమును సావధానముగ విచారింప పూనుకొనుచున్నాము.

ముందుగా రేటింగన నేమో తెలిసికొందము. ఆటగాని బలమును తెలుపు సంఖ్యయే రేటింగు. హంగరీ దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన అర్పాద్ ఎలో అను భౌతికశాస్త్రాచార్యుడు దాని గణితమార్గమును రూపొందించెను. 1924 లో పారిసు నగరమున స్థాపితమైన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అనగా లోకము ఫిడే యని పిలుచు సంస్థ, 1970 లో ఈ మార్గమును స్వీకరించెను. ఇద్దరు ఆటగాండ్ర సంఖ్యల నడుమ 200 భేదమున్నచో బలవంతునకు నూటికి 76 వంతుల ఫలమును, 400 భేదమున్నచో 92 వంతుల ఫలమును ఎదురుచూడవలెనని ఈ లెక్క చెప్పును. ఎదురుచూచిన దానికన్న మిన్నగ ఆడినవాని సంఖ్య పెరుగును. తక్కువగ ఆడినవాని సంఖ్య తరుగును. పుట్టుపూర్వోత్తరములను అడుగక, కులమతములను చూడక, ఆటను మాత్రమే చూచి విలువకట్టు తూనిక యిది. ఇంతటి నిష్పాక్షికమైన కొలమానము మన సంఘజీవనమున మరెచ్చటనైన గలదా యని సందేహము కలుగును.

అయితే ఆ తూనిక చెంతకు పోవుటకే చీటి కావలెను. ఫిడేలో వ్యక్తులకు సభ్యత్వము లేదు. దేశముల సమాఖ్యలకే గలదు. కావున ఆటగానికి ఫిడే గుర్తింపు సంఖ్య రావలెనన్న అతడు తన దేశపు సమాఖ్య ద్వారముననే పోవలెను. మన దేశమున ఆ ద్వారము 1951 లో ఏర్పడిన అఖిల భారత చదరంగ సమాఖ్యది. మన దేశీయుడు ఈ దేశమున జరుగు రేటింగు పోటీలో ఆడవలెనన్న ఆ సమాఖ్యయందు నమోదై యుండవలెనని నియమము. ఇదిగాక రాష్ట్ర సంఘములును, జిల్లా సంఘములును తమ పోటీలకు తమ నమోదులను ప్రత్యేకముగ కోరు వాడుకయు దేశమున నుండెను.

నమోదే కూడదని మేము చెప్పబోము. న్యాయముగ యోచించినచో దానికి బలమైన కారణములు గలవు. రేటింగు ఒక వ్యక్తికి చెందినది. ఆ వ్యక్తి ఎవరో నిశ్చయముగ తెలియవలెను. మన తెలుగువారి పేర్ల సంగతి తీసికొనుడు. ఇంటిపేరు ముందు వ్రాయువారు కొందరు, వెనుక వ్రాయువారు కొందరు, ఒక్క పొడి అక్షరముతో సరిపుచ్చువారు కొందరు. ఒకే పేరుగల శ్రీనివాసులు, వేంకటేశ్వర్లు ఒక్కొక్క పోటీలో నలుగురైదుగురు తటస్థింతురు. గుర్తింపు సంఖ్య లేనిచో ఒకని గెలుపు మరియొకని ఖాతాలో పడును. వయస్సును తగ్గించి చెప్పి చిన్నపిల్లల విభాగమున బహుమతులు కొట్టుకొని పోవువారిని ఆపవలెను. దొంగచాటుగ యంత్రసాహాయ్యము పొంది ఆడినవానిని శిక్షింపవలెనన్న వాడు ఏదో యొక కట్టుబాటునకు లోబడినవాడై యుండవలెను. మధ్యస్థులకు శిక్షణ నిచ్చుటకును, జట్లను విదేశములకు పంపుటకును ధనము కావలెను. ఇవన్నియు మేమెరుగుదుము, ఒప్పుకొందుము.

కాని ఇచ్చట రెండు వేరువేరు సంగతులు ఒక్క మూటగ కట్టబడి యున్నవి. పేరు నమోదు చేయుట యొకటి. సభ్యత్వ రుసుము వసూలు చేయుట వేరొకటి. మొదటిది ఆటకు అవసరము. రెండవది సంఘమునకు అవసరము. ఆటకు అవసరమైన దానిని చూపి సంఘమునకు అవసరమైన దానిని రాబట్టుటయే ఈ పద్ధతిలోని చిక్కు. జనన మరణములను నమోదు చేయుట ప్రభుత్వపు బాధ్యత. పుట్టిన బిడ్డ పన్ను చెల్లించినగాని పుట్టినట్లు లెక్క వేయమని ఏ ప్రభుత్వమును అనదు.

రుసుము కొద్దిదియే కదాయని సమాధానము చెప్పువారు గలరు. రుసుములు కాలానుసారముగ మారును. అంకె మాకు ప్రధానము కాదు. ఆ రుసుము ఏ ఘట్టమున అడుగబడుచున్నది, ఎవరిని అడుగుచున్నారు అనునదియే ప్రధానము. పదియేండ్లుగ ఆడుచు బహుమతులు గెలుచుచున్నవానికి అది లెక్కలోనిది కాదు. ఇంకను ఆట యన నేమో రుచిచూడని ఇంటికి అదియే గడపయెత్తు. బిడ్డలో ప్రతిభ గలదో లేదో తెలియక పూర్వమే తండ్రి వెచ్చింపవలసి వచ్చుచున్నది. కలిగినవాడు వెచ్చించి చూచును, లేనివాడు వెనుదీయును. అంతట, ఆ యింటి బిడ్డకు ప్రతిభ గలదో లేదో ఎవరికిని, ఎన్నటికిని తెలియకయే పోవును.

రేటింగు లభించు క్రమమును చూచినచో ఈ కష్టము మరింత విశదమగును. కొత్తవానికి సంఖ్య రావలెనన్న, అప్పటికే రేటింగు గలవారితో ఐదు ఆటలైనను ఆడియుండవలెను. ఆ ఐదును ఒకే పోటీలో కానవసరము లేదు. 26 నెలలలోపల కూడబెట్టుకొనవచ్చును. ఫలము ఫిడే నిర్ణయించిన కనీసపు సంఖ్యకు తగ్గక యుండవలెను. ఆ కనీసము చాలకాలము 1000 గ నుండి, 2024 మార్చి మొదటి తేదీ నుండి 1400 కు పెంచబడినది. హైదరాబాదు, చెన్నపట్టణము వంటి చోట్ల ఏ బల్లయొద్ద కూర్చున్నను ఎదుటివానికి రేటింగుండును. దేవరకొండలోనో, కొల్లాపురములోనో ఉన్న బాలునికి అట్టివారు ఐదుగురు దొరకుటెట్లు? తన యూరిలో రేటింగు గలవారు లేరు గనుక తనకు రాదు. తనకు రాలేదు గనుక తన యూరి మరియొకనికి తనవలన రాదు. ఇట్లు లేమియే లేమిని పెంచుచున్నది. ఈ వలయమును ఛేదించుటకు కొత్తవాడు మరల మరల పట్టణమునకు పోవలెను. అట్టి ప్రయాణములకు ముందు తొలిమెట్టునందే రుసుమును నిలుపుట యెంత వివేకమో పాఠకులే యోచింతురుగాక.

నల్లగొండ, మహబూబ్‌నగరములను గూర్చి ప్రత్యేకముగ చెప్పుటకు కారణము గలదు. ఈ రెండును హైదరాబాదునకు నూరు కిలోమీటర్ల చేరువలోనివే. అయినను దీపము క్రింద చీకటి యన్నట్లు, రాజధాని చేరువ వలన వీనికి కలిగిన మేలు కొంచెము. వానలు తప్పిన మెట్టనేలలు, వలస పోవు కుటుంబములు ఈ సీమల చరిత్రలో భాగములు. దేశమున ఎన్ని ఆనకట్టలకో రాళ్లెత్తిన చేతులు పాలమూరు కూలీలవి. ఏటిలో కొన్ని నెలలు పనికై పరదేశమున నుండు తలిదండ్రుల బిడ్డకు, గడువులోపల పత్రములు చేర్చి నమోదును నిలుపుకొనుటయే యొక పరీక్ష.

పైపెచ్చు పరిపాలనా విభజన యొకటి వచ్చినది. 2016 అక్టోబరు 11 న పాత నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడినవి. అదే దినమున పాత మహబూబ్‌నగరము నుండి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేటయు జిల్లా యైనది. రెండు జిల్లాలు ఎనిమిదైనవి. జిల్లా ఎంపికల ద్వారముననే రాష్ట్రపు పోటీలకు పోవలసిన ఆటలో ఇది మేలే కావలసినది. ద్వారములు రెండింటి నుండి ఎనిమిదైనవి కదా! కాని ద్వారమున్నంత మాత్రమున చాలదు. దానిని తెరచి యుంచు మనుష్యుడుండవలెను. ప్రతి కొత్త జిల్లాలోను ఏటేట తప్పక ఎంపికలు జరుపు సంఘము, తెలిసిన మధ్యస్థుడు, గడియారములు, బల్లలు సమకూడినగాని ఆ ద్వారము కాగితము మీది గీతయే యగును.

ఈ సీమలలో ఆటలకు తెలివితేటలు లేవని ఎవరైన అనగలరా? గుడి మండపముల బండలమీదను, రచ్చకట్టలమీదను పులిజూదపు గీతలను గీసికొని గంటలతరబడి మేకలతో పులిని కట్టివేయు పశులకాపరులు మన పల్లెలలో తరతరములుగ నుండిరి. దాడి, పచ్చీసు, అష్టాచెమ్మ, ఓనగుంటలు ఆడని యిల్లు ఉండెడిది కాదు. పది ఎత్తుల ముందుచూపు మన జనులకు కొత్త విద్య కాదు. కొరతయైనది బుద్ధి కాదు. ఆ బుద్ధి లెక్కకెక్కు పట్టిక.

పట్టికలో పేరు లేకపోవుటను ప్రతిభయే లేకపోవుటగ భ్రమించుట ఈ సీమకు కొత్త అవమానము కాదు. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒకప్పుడొక మాట పత్రికలో వెలువడినది. పాలమూరు సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో గాక కార్యముతో ప్రత్యుత్తరమిచ్చిరి. 1926 లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆ మహనీయుడు, పల్లెపల్లెనుండి పద్యములను సేకరించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934 లో ప్రకటించెను. ఆ కవులెవ్వరును సంచిక కొరకు కొత్తగ పుట్టలేదు. వారుండిరి, పట్టిక లేకుండెను. పద్యము పంపిన కవిని ముందుగా సభ్యత్వ రుసుము చెల్లింపుమని సురవరమువారు అడిగియుండినచో ఆ సంఖ్య 354 అయ్యెడిదా? ఈ ప్రశ్నను చదరంగ సంఘముల పెద్దలు తమ్ము తామే వేసికొనవలెను.

తెలుగు బిడ్డలు ఈ ఆటలో ఏపాటివారో నేడు లోకమెరుగును. గుంటూరి పెంటేల హరికృష్ణ 2001 లోను, గుడివాడ కోనేరు హంపి 2002 లోను, గుంటూరిదే యైన ద్రోణవల్లి హారిక 2011 లోను గ్రాండుమాస్టరు బిరుదము నందిరి. వరంగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2018 లో పదునాలుగవ యేట ఆ బిరుదము పొంది, 2024 డిసెంబరు పట్టికలో 2800 దాటెను. అదే సంవత్సరము బుడాపెస్టున జరిగిన ఒలింపియాడులో మన దేశపు రెండు జట్లును స్వర్ణము గెలువగా, ఒకదానిలో హరికృష్ణ, అర్జునులును, రెండవదానిలో హారికయు నుండిరి. వీరెవ్వరును లోకమునకు రాజధాని నగరపు బిడ్డలుగ పరిచితులు కారు; జిల్లా పట్టణముల పేర్లతో పరిచితులు. జిల్లాలలో నేల సారవంతమైనదని చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? అయితే వీరికి తలిదండ్రులు, గురువులు అండగ నిలిచిరి. అండలేని బిడ్డ మాటయేమి?

అండను గూర్చి చెప్పునపుడు మీర్ సుల్తాన్ ఖాన్ కథ స్మరింపదగినది. పంజాబు పల్లెలో పుట్టి, ఒక జమీందారుని పరివారమున నుండిన ఆయన 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు చదరంగ విజేత యయ్యెను. దొరల దేశమున దొరలను దొరల పద్ధతి ఆటలో ఓడించెను. యజమాని ఇంగ్లండునకు కొనిపోయినందున ఆయన ప్రతిభ వెల్లడియైనది. యజమాని తిరిగి కొనివచ్చినంతట అది అడగారినది. ఫిడే ఆయనకు గౌరవ గ్రాండుమాస్టరు బిరుదము నిచ్చినది 2024 లో, అనగా ఆయన మరణించిన 58 ఏండ్లకు. ఒక జమీందారుని దయమీద ప్రతిభ ఆధారపడు కాలము పోవలెనని కదా మనము ప్రజారాజ్యమును కోరుకొంటిమి!

ఇక ఈ సభ్యత్వమునకు మరియొక ముఖము గలదు. చేరుటకు రుసుము అడుగుట యొక యెత్తు. చేరినవాడు మరియొకచోట ఆడరాదని శాసించుట వేరొక యెత్తు. దేశ సమాఖ్య యనుమతి లేని పోటీలలో ఆడబోమని ఆటగాండ్రచేత వ్రాయించుకొని, ఆడినవారిపై చర్య తీసికొనిన సంగతి వివాదమైనది. నలుగురు ఆటగాండ్రు మొరపెట్టుకొనగా, భారత పోటీ కమిషను చిరకాలము విచారించి 2018 జూలై 12 న తీర్పు చెప్పినది. సమాఖ్య తన యాధిపత్యమును దుర్వినియోగము చేసినదని నిర్ణయించి, సుమారు 6 లక్షల 92 వేల రూపాయల జరిమానా విధించినది. పోటీలకు అనుమతి నిచ్చు పద్ధతి యెట్టిదో స్పష్టముగ ఏర్పరుపుమనియు, ఆటగాండ్రపై నిర్బంధములు అవసరమునకు మించరాదనియు ఆదేశించినది. ఈ తీర్పు సారము మాకు మిక్కిలి సమ్మతము. ఆటగాడు సంఘమున సభ్యుడు. సంఘమునకు వెట్టివాడు కాడు. వెట్టి యన నేమో నల్లగొండ జనులకు ఎవరును వివరింప నక్కరలేదు.

చిన్నయూళ్లకు ఈ సంగతి మరింత ముఖ్యము. మిర్యాలగూడలో ఒక వర్తక సంఘమువారో, గద్వాలలో ఒక గ్రంథాలయమువారో ఉత్సాహముతో పోటీ నడిపినచో, అందు పాల్గొనినందుకు బాలుని పేరు కొట్టివేయబడునేమోయను భయమే యున్న, ఆ యుత్సాహము మొలకలోనే మాడిపోవును. రేటింగు లెక్కకురాని పోటీని లెక్కింపకుడు; అది మీ హక్కు. అందు ఆడినవానిని దండింపకుడు. అది మీ హక్కు కాదు.

ఇతర దేశముల రీతి యెట్లున్నదో చూతము. అమెరికా చదరంగ సమాఖ్య 1939 లో ఏర్పడినది. దాని రేటింగు పోటీలలో ఆడవలెనన్న అచ్చటను సభ్యత్వము కావలెను. మన ప్రాంతములనుండి పోయి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములవారు తమ బిడ్డల కొరకు ఆ రుసుము చెల్లించుచునే యున్నారు. కాని వయస్సు వచ్చిన సభ్యునికి అచ్చట కార్యవర్గమును ఎన్నుకొను ఓటు గలదు. చెల్లించువాడు ప్రశ్నింపగలడు. ఇంగ్లండున పూర్వము ఆడిన ఆటల లెక్కను బట్టి పోటీ నిర్వాహకులనుండి రుసుము వసూలగుచుండెను. 2012 లో వ్యక్తిగత సభ్యత్వ పద్ధతి వచ్చినది. అయినను సభ్యుడు కానివాడు ఆ పోటీమట్టుకు కొంత అదనముగ చెల్లించి ఆడు వీలు నుంచిరి. కావున సభ్యత్వమునకు ఒకే రూపము దైవనిర్మితము కాదు. సంఘములు నడుచుటకును, కొత్తవారు వచ్చుటకును కూడ మార్గములు గలవు. వెదకు మనసుండవలెను.

మనకు విదేశముల దృష్టాంతము లంతగా అక్కరలేదు. సభ్యత్వ రుసుమును గూర్చిన గొప్ప పాఠము మన జాతీయోద్యమమే నేర్పినది. 1920 లో నాగపురమున కాంగ్రెసు తన నిబంధనావళిని మార్చి, సాలుకు నాలుగణాలు చెల్లించినవానికెల్ల సభ్యత్వమునకు అర్హత గలదనెను. వకీళ్ల సభగ నుండిన సంస్థ దేశజనుల సభగ మారుటకు ఆ నాలుగణాలు ఎంతటి సాధనమైనవో చరిత్ర చెప్పును. ఆ పాఠము నల్లగొండ గడ్డమీదనే మరల ఋజువైనది. నిజాము రాజ్యమున ఆంధ్రమహాసభ సభ్యత్వ రుసుము రూపాయిగ నుండి, 1944 నాటి భువనగిరి మహాసభ కాలమునకు నాలుగణాలైనది. విద్యావంతుల సభ పల్లెల సంఘమైనది. రైతు, కూలి, వెట్టివాడు తనది యని చెప్పుకొన్న సంస్థ యైనది. రుసుము తగ్గించినందున సంస్థ బలహీనమయ్యెనా? బలపడెనా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమును ఈ రెండు జిల్లాలలోని ముదుసళ్లనోట వినిన మనుమలు నేటికిని గలరు.

నాలుగణాల పాఠమున రెండు భాగములు గలవు. మొదటిది, రుసుము బీదవాడు మోయగలిగినంతయే యుండుట. రెండవది, ఆ రుసుముతో మాట కూడ లభించుట. నేటి చదరంగ పద్ధతిలో ఈ రెండవది మిక్కిలి కొరవడినది. దేశ సమాఖ్యలో ఓటు రాష్ట్ర సంఘముల ప్రతినిధులది. నమోదు రుసుము చెల్లించు ఆటగానిది కాదు. ఎవడు చెల్లించునో వాడు ఓటరు కాడు. ఇట్టిదానిని సభ్యత్వమని పిలుచుట భాషకు అన్యాయము. పన్నని పిలుచుట న్యాయము. ప్రాతినిధ్యము లేని పన్నును మన పూర్వులు ఎట్లు చూచిరో చెప్ప నక్కరలేదు.

ఈ విషయమున ఒక ఆశారేఖ గలదు. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడాపాలన చట్టమును ఆమోదించినది. క్రీడా సమాఖ్యల కార్యవర్గములలో ప్రతిభావంతులైన క్రీడాకారులకును, స్త్రీలకును స్థానములు ఉండవలెననియు, వివాదముల పరిష్కారమునకు ప్రత్యేక న్యాయమండలి యుండవలెననియు ఆ చట్టము నిర్దేశించినది. ఇది మంచి ప్రారంభము. అయితే అగ్రశ్రేణి క్రీడాకారుడు కార్యవర్గమున కూర్చుండినంత మాత్రమున అచ్చంపేట బాలిక కష్టము అచ్చట వినబడునని చెప్పలేము. గడపదాటి లోపలికి వచ్చినవాని మాటకును, గడపవెలుపల నిలిచినవాని మాటకును భేదముండును. వెలుపల నిలిచినవాని పక్షమున జిల్లా సంఘము మాటలాడవలెను.

మా సూచనలు స్పష్టముగ చెప్పుచున్నాము. పదునెనిమిదేండ్ల లోపు వారికి తొలి నమోదు ఉచితముగ నుండవలెను. రేటింగు సంఖ్య వచ్చువరకు రుసుము అడుగరాదు. సంఖ్య వచ్చిన పిమ్మట, ఆట రుచి తెలిసిన పిమ్మట చెల్లించుటకు ఎవరును వెనుదీయరు. నమోదు ఒక్కచోట జరిగిన చాలును. దేశమునకొకటి, రాష్ట్రమునకొకటి, జిల్లాకొకటి యని ముమ్మారు వసూలు కూడదు. వచ్చిన రుసుమును ఆ మూడు సంఘములును తమలో పంచుకొనవచ్చును. ప్రభుత్వ పాఠశాలలోను, గురుకులములోను చదువు బాలబాలికలకు ప్రధానోపాధ్యాయుని ధ్రువపత్రమే తొలుత చాలునని అంగీకరించి, మిగిలిన పత్రములకు గడువీయవలెను. రేటింగు పోటీని జిల్లా కేంద్రమున జరుపు సంఘమునకు ప్రోత్సాహమిచ్చి, రేటింగు గల పెద్ద ఆటగాండ్రు పట్టణమునుండి పల్లెకు వచ్చునట్లు చేయవలెను. పల్లె బాలుడు ఐదు ఆటల కొరకు పట్టణమునకు పరుగెత్తుటకన్న అది సులభము. వసూలైన రుసుము ఎంతయో, అందు జిల్లాలకు వచ్చినదెంతయో ఏటేట బహిరంగముగ ప్రకటింపవలెను. తుదకు, వయస్సు వచ్చిన ప్రతి నమోదిత ఆటగానికిని తన జిల్లా సంఘపు ఎన్నికలో ఓటుండవలెను.

అట్లయిన సమాఖ్యకు ధనమెచ్చటిదని ప్రశ్నింతురు. పెద్ద పోటీల ప్రవేశ రుసుములనుండియు, బహుమతి ద్రవ్యములనుండియు, సంస్థల విరాళములనుండియు, ప్రభుత్వ సాహాయ్యమునుండియు రాబట్టవచ్చును. దేశమునకు ప్రపంచ విజేతలను ఇచ్చిన ఆటకు, కొత్త బిడ్డ చేతిలోని చిల్లరయే ఆధారమని చెప్పుట ఆ యాటకే లాఘవము. ఉచితమన్న లెక్కలేనంతమంది వచ్చి పేర్లు నింపుదురని మరియొక యాక్షేపము. రానిండు! ఏ క్రీడా సంఘమైనను తనవైపు జనము వచ్చుచున్నదని భయపడుట మేమెచ్చటను వినలేదు.

మా జిల్లాల వారికిని ఒక మాట చెప్పవలసి యున్నది. దోషమంతయు దూరమందలి సంఘములదని కూర్చుండుట పౌరుషము కాదు. 1922 లోనే నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిన జనము, నిజాము నిర్బంధముల నడుమ గ్రంథాలయములను నిలిపిన జనము, ఊరికొక చదరంగపు బల్లను నిలుపుకొనలేదా? ప్రతి గ్రంథాలయమున వారమునకొక సాయంకాలము ఆటకు కేటాయింపవచ్చును. విశ్రాంత ఉపాధ్యాయులు నేర్పవచ్చును. పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న ఈ జిల్లాల బిడ్డలు తమ పాఠశాలకు నాలుగు గడియారములు పంపవచ్చును. రుసుము తొలగువరకు, ఊరిలో ప్రతిభ చూపిన నలుగురు బాలుర రుసుమును ఊరే చెల్లింపవచ్చును. జిల్లా సంఘమునకు ఎన్నికలెప్పుడు జరిగినవో, లెక్కలెచ్చట చూపిరో మర్యాదగ, కాని విడువక అడుగవలెను.

చదరంగమున బంటు అన్నిటికన్న చిన్నది. అయినను బల్లమీద దానికొక గడి ముందే సిద్ధముగ నుండును. ఆ గడికి అద్దె చెల్లింపుమని ఏ ఆటగాడును దాని నడుగడు. ఎనిమిదవ వరుస చేరు సత్తువ గలదో లేదో ఆటయే తేల్చును. అచ్చంపేట బాలికకు మేమడుగునది అంతకన్న ఎక్కువ కాదు. ఆమె గెలుచునో ఓడునో ఆమె బుద్ధి నిర్ణయించును. కూర్చుండుటకు పీట వేయుట మాత్రము పెద్దల విధి. రాష్ట్ర, దేశ చదరంగ సంఘములు ఈ విధిని గుర్తించి, సభ్యత్వమును పన్నునుండి హక్కుగ మార్చుటకు జాగు చేయవని ఆశించుచున్నాము.